తాళం సరే, గుంజ ఏదీ?

బైకు హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి, తాళంచెవిని నొక్కి తిప్పితే 'టక్'మంటుంది. తాళంలోంచి ఒక చిన్న ఇనుప పుల్ల బయటికొచ్చి ఫ్రేములోని గాడిలో కూర్చున్న చప్పుడది. ఇక హ్యాండిల్ తిరగదు, బండి తిన్నగా పోదు. ఆ పుల్ల చిటికెనవేలంత లావు కూడా ఉండదు. హ్యాండిలేమో రెండు చేతులా పట్టుకోవడానికి వీలైన పొడవాటి మీట. కాలు తన్నిపెట్టి బలంగా గుంజితే విరిగేది పుల్లే.

చెవి దూరే చోట పలచటి రేకుబిళ్లలుంటాయి. సరైన చెవి పడితేనే అవన్నీ ఒక వరసకొచ్చి తాళం తిరుగుతుంది. మన దుమ్ముకూ, ఏళ్ల తరబడి రాపిడికీ ఆ బిళ్లలు అరిగిపోతాయి. పాత బండికి ఒక్కోసారి పక్కింటివాళ్ల చెవి కూడా పట్టడం అందుకే.

సరైన చెవికే తెరుచుకోవాలనే ఈ ఆలోచన వేల ఏళ్ల నాటిది. ప్రాచీన ఈజిప్టులో చెక్క గడియలోకి చెక్క మేకులు జారిపడి దాన్ని బిగించేవి. పళ్లున్న పెద్ద చెక్క చెవితో ఆ మేకుల్ని పైకెత్తితేనే గడియ కదిలేది. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ ఇదే సూత్రాన్ని చిన్న లోహపు గొట్టంలోకి, జేబులో పట్టే పలచటి చెవిలోకి తెచ్చి 1861, 1865లలో పేటెంట్లు పొందాడు. అంతకుముందు లండన్‌లో జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు తీసుకున్న తాళాన్ని అతని దుకాణం కిటికీలో పెట్టి, తెరిచినవారికి 200 గినీలని సవాలు చేశారు. 1851లో హాబ్స్ అనే అమెరికన్ దాన్ని తెరిచాడు. పదహారు రోజుల్లో 51 గంటలు పట్టింది. మన దేశంలో అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టింది 1897లో.

ఇన్నాళ్ల తెలివంతా చెవి రంధ్రం చుట్టూనే తిరిగింది. బైకుల దొంగ 51 గంటలు కూర్చోడు. రంధ్రం జోలికి పోకుండా గొలుసు కోస్తాడు, లేదా బండినే ఎత్తుకుపోతాడు. ఉక్కును యూ ఆకారంలో వంచి అమెరికాలో 1970ల మొదట్లో వచ్చిన క్రిప్టోనైట్ సైకిల్ తాళం ఈ కోతకు జవాబు. 2004లో అదే కంపెనీ తాళాలు కొన్ని బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడింది. ఉక్కు గట్టిదే, గుండ్రటి చెవి రంధ్రం దగ్గర ఓడింది.

ఇక ఎత్తుకుపోవడం సంగతి. మామూలు హీరో స్ప్లెండర్ బరువు 110 కిలోల చిల్లర. హ్యాండిల్ లాక్, చక్రం లాక్ రెండూ వేసినా ముగ్గురు పట్టి మినీట్రక్కులోకి ఎక్కించగలరు. మహానంది లాంటి పుణ్యక్షేత్రంలో శివరాత్రికీ, కార్తీక మాసంలోనూ ఊరి నిండా బయటి బండ్లే. కొత్త ముఖం కనబడితే యాత్రికులనే అనుకుంటారు. అందుకే బండి నేలకు కట్టుబడి ఉండాలి.

సీమ పాత మిద్దె ఇళ్లలో ఎద్దుల్ని లోపలే కట్టేవాళ్లు. పలుపు కంటే ముందు గుంజ గట్టిదేనా అని చూసుకునేవాళ్లు. బండికీ కావలసింది ఆ గుంజే.

ఇక్కడొక చిక్కుంది. మన వసారాల్లో పరిచేది బేతంచెర్ల బండలు. బండకు రంధ్రం చేసి కొక్కెం బిగిస్తే, గుంజినప్పుడు బండ పగులుతుంది, లేదా కొక్కెంతో పాటే లేచివస్తుంది. కాబట్టి ఒక బండ తీసి, కింద మూరెడు లోతు గుంత తవ్వాలి. వెల్డింగ్ షాపులో ఇరవై మిల్లీమీటర్ల రాడ్డును యూలా వంచి, అడుగున అడ్డకడ్డీలు అతికించమని చెప్పాలి. మామూలు రాడ్డు మెత్తటి ఇనుము, అందుకే అంత లావు కావాలి. గుంతలో నిలబెట్టి కాంక్రీటు పోసి, కనీసం వారం రోజులు నీళ్లు పెట్టాలి. ఎండల్లో ఇది మానేస్తే కాంక్రీటు బలహీనంగా మిగులుతుంది.

గట్టిపరిచిన ఉక్కు గొలుసును ముందు చక్రంలోంచి కాదు, వెనక చక్రంలోంచి, స్వింగ్ ఆర్మ్ కలుపుకుని వేయాలి. ముందు చక్రం విప్పడం తేలిక. గొలుసు నేలకు ఆనకూడదు. ఆనితే గొలుసు తెంపే కట్టర్ పిడుల్లో ఒకదాన్ని నేలకు తొక్కిపెట్టి, రెండోదాని మీద ఒళ్లంతా బరువేసి తెంపుతారు. గాల్లో వేలాడే గొలుసు మీద చేతుల బలమే పనిచేస్తుంది.

ఇనుము కోసే గ్రైండరుకు మాత్రం ఏ గొలుసూ శాశ్వతంగా ఆగదు. అయితే దాని మోత వీధంతా వినబడుతుంది. కొక్కేన్ని గేటు పక్కన కాక, ఇంట్లోవాళ్లు పడుకునే గది గోడ వెంబడి పాతించుకోండి. వేసవిలో మిద్దె మీద నిద్రపోయేవాళ్లకూ ఆ చప్పుడు చేరుతుంది.