ఫీజు కట్టే బడా, చదువు వచ్చే బడా? తెలుగు పల్లెల్లో జరిగిన పరిశోధనలు ఏం చెప్పాయి?

జూన్ దగ్గరపడుతుంటే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లాడిని సర్కారు బడిలోనే ఉంచాలా, వీధి చివర ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు స్కూల్లో వేయాలా? ఆటో నడిపే తండ్రయినా, ఇంట్లో మిషన్ కుట్టే తల్లయినా ఆలోచన ఒక్కటే. మనం పడ్డ కష్టం బిడ్డ పడకూడదు. అడ్మిషన్ ఫీజు, టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, వ్యాను అన్నీ కలిపి అప్పు చేసైనా కడతారు. ఇంత పెట్టాక బిడ్డకు చదువు నిజంగా వస్తోందా లేదా అన్నది మాత్రం చాలామందికి పదో తరగతి ఫలితాల దాకా తెలియదు. అప్పటికి సరిదిద్దుకునే సమయం దాటిపోతుంది.

ఈ ప్రశ్న మీద పరిశోధకులు చాలా పని చేశారు. అందులో పేరున్న కొన్ని అధ్యయనాలు జరిగింది ఎక్కడో విదేశాల్లో కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే. వాటి ఫలితాలు మాత్రం తెలుగు కుటుంబాల దాకా పెద్దగా రాలేదు.

లాటరీ తీసి చూశారు

ప్రైవేటు స్కూలు పిల్లల మార్కులు, సర్కారు బడి పిల్లల మార్కులు పక్కపక్కన పెడితే సాధారణంగా ప్రైవేటువే ఎక్కువ కనిపిస్తాయి. కానీ ఆ పోలిక న్యాయమైనది కాదు. ఫీజు కట్టగలిగిన ఇంట్లో తల్లిదండ్రులు కాస్త చదువుకుని ఉంటారు, ట్యూషన్ పెట్టిస్తారు. మార్కులు పెరిగింది బడి వల్లా, ఇంటి వల్లా అన్నది అక్కడ తేలదు.

దీన్ని తేల్చడానికి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఐదు జిల్లాల్లో 180 గ్రామాలు తీసుకున్నారు. ప్రైవేటు స్కూల్లో ఉచితంగా చదివించే స్కాలర్‌షిప్ ఇస్తామంటే సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టారు. ఎవరికి ఇవ్వాలన్నది లాటరీ తీశారు. లాటరీ తగిలిన వారు, తగలని వారు ఒకే రకం కుటుంబాలు. కాబట్టి తర్వాత కనిపించే తేడా బడి వల్ల వచ్చిందనే చెప్పొచ్చు.

నాలుగేళ్ల తర్వాత పరీక్షలు పెట్టారు. తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాల పిల్లలకూ తేడా లేదు. ఇంగ్లిష్, సైన్స్, సోషల్‌లో కూడా గట్టిగా చెప్పదగ్గ తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లిన పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బళ్లు హిందీకి ఎక్కువ సమయం కేటాయించడం అందుకు కారణం.

ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. ప్రైవేటు బళ్లు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి కూడా అదే ఫలితం తెచ్చాయి. పైగా ఒక్కో పిల్లవాడి మీద సర్కారు పెట్టే దాంట్లో మూడో వంతు కూడా ఖర్చు పెట్టలేదు. అంటే అవి పొదుపుగా నడుస్తున్నాయి. ఇక తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే, బడి మార్చినంత మాత్రాన పిల్లవాడి చదువు మారలేదు. బోర్డు మీద పేరు మారింది, యూనిఫాం మారింది, తెలుగు చదవడం, లెక్క చేయడం అక్కడే ఉన్నాయి.

ఇంట్లో దక్నీ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్

ఆ అధ్యయనంలోనే ఇంకో విషయం కనిపించింది. ప్రైవేటుకు మారిన వారిలో ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లల కంటే తెలుగు మీడియంలో చేరిన పిల్లలకు ఎక్కువ మేలు జరిగిన సూచనలున్నాయి. పరిశోధకులు దీన్ని తుది తీర్పుగా చెప్పలేదు, సూచనగానే చెప్పారు. కానీ కారణం ఊహించడం కష్టం కాదు. పిల్లవాడికి కూడిక తెలియాలి, ఆ కూడికను చెప్పే భాష కూడా తెలియాలి. రెండూ ఒకేసారి కొత్తవైతే రెండూ సగం సగమే వస్తాయి.

ముస్లిం ఇళ్లలో ఈ బరువు ఇంకాస్త ఎక్కువ. చాలా ఇళ్లలో అమ్మీతో మాట్లాడేది దక్నీ ఉర్దూ. వీధిలో తెలుగు. స్కూలు పుస్తకం ఇంగ్లిష్. సాయంత్రం మక్తబ్‌లో అరబీ అక్షరాలు. ఇన్ని భాషలు చెవిన పడటం పిల్లలకు నష్టం కాదు, అదొక ఆస్తి. ఇబ్బంది ఎక్కడంటే, ఏ ఒక్క భాషలోనూ తడుముకోకుండా చదవడం రాకుండానే పై తరగతికి వెళ్లిపోవడంలో ఉంది. ఒక భాషలో చదవడం గట్టిగా పట్టుబడితే రెండో భాష, మూడో భాష తేలికవుతాయి. ఆ మొదటి భాష ఉర్దూ అయినా సరే, తెలుగు అయినా సరే. ఇంగ్లిష్ అవసరం లేదని ఎవరూ అనడం లేదు. ఉద్యోగానికి అది కావాల్సిందే. కానీ అర్థం కాని భాషలో బట్టీ పట్టిన జవాబు ఇంగ్లిష్ రావడం కిందకు రాదు.

తరగతి ముందుకు, చదువు వెనక్కి

బడి ఏదైనా అసలు చిక్కు ఎక్కడుందో 'అసర్' సర్వేలు చూపిస్తున్నాయి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తోంది. 2024 సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతం. అంటే సగానికి పైగా పిల్లలు ఐదో తరగతిలో కూర్చున్నారు కానీ రెండో తరగతి పుస్తకం చదవలేరు.

ఇది పిల్లల తెలివికి సంబంధించిన సమస్య కాదు. టీచర్ సిలబస్ పూర్తి చేయాలి. పాఠం తరగతి పుస్తకం ప్రకారం నడుస్తుంది. రెండో తరగతిలో వెనకపడ్డ పిల్లవాడికి మూడో తరగతి పాఠం అర్థం కాదు, నాలుగులో ఇంకా అర్థం కాదు. ఢిల్లీలో తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లల మీద జరిగిన అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నట్టు తేలింది. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైంది. రోజూ బడికి వెళ్తూనే వెనకపడ్డారు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. మక్తబ్‌లో నూరానీ ఖాయిదా నేర్పే ఉస్తాద్ చేసేది అదే. ఇచ్చిన సబక్ అప్పజెప్పందే తర్వాతి సబక్ ఇవ్వరు. పక్కనున్న పిల్లవాడు పదో పేజీలో ఉన్నా, మూడో పేజీలో ఉన్నవాడికి మూడో పేజీయే చెబుతారు. వయసు చూడరు, ఎంతవరకు వచ్చిందో చూస్తారు. స్కూళ్లలో కూడా ఇలా పిల్లవాడి స్థాయిని బట్టి చెబితే ఏమవుతుందో పరిశోధకులు పరీక్షించారు. 2001 నుంచి 2003 వరకు ముంబై, వడోదర బడుల్లో మూడు, నాలుగు తరగతుల్లో వెనకపడ్డ పిల్లలను రోజూ రెండు గంటలు పక్కకు తీసి, అదే బస్తీకి చెందిన యువతులతో పాఠాలు చెప్పించారు. వాళ్లు ట్రైనింగ్ కాలేజీల్లో చదివిన టీచర్లు కారు. అయినా పిల్లల మార్కులు బాగా పెరిగాయి. ఆ పని చేసిన బృందంలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మైఖేల్ క్రెమర్ కూడా వారితో ఆ బహుమతి పంచుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రాథమిక బడుల్లో మొదలుపెట్టిన 'తొలిమెట్టు' కూడా చదవడం, రాయడం, లెక్కలు అనే పునాదిని సరిచేయడానికి తెచ్చినదే.

టీచర్ హాజరైతే సరిపోతుందా?

2003లో దేశమంతా ముందు చెప్పకుండా బడులకు వెళ్లి చూస్తే ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో సుమారు నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. ఆ తర్వాత 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మురళీధరన్, సుందరరామన్ మరో ప్రయోగం చేశారు. కొన్ని ప్రభుత్వ బడుల్లో పిల్లల చదువు మెరుగుపడితే టీచర్లకు చిన్న బోనస్ ఇస్తామన్నారు. సగటున అది ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు బోనస్ లేని బడుల కంటే లెక్కల్లో, భాషలో ముందుకొచ్చారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లోనూ మెరుగయ్యారు. విచిత్రమేమిటంటే టీచర్ల హాజరులో మార్పు లేదు. మారింది బడిలో ఉన్నప్పుడు చేసే పని. హోంవర్క్ ఎక్కువ ఇచ్చారు, బడి అయ్యాక అదనపు క్లాసులు తీసుకున్నారు, వెనకపడ్డ పిల్లలను ప్రత్యేకంగా పట్టించుకున్నారు.

బడి నోట్‌బుక్కులు ఇస్తే ఇల్లు మానేసింది

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన ఫలితం ఇంకొకటుంది. అదే రాష్ట్రంలో కొన్ని బడులకు పిల్లల సామగ్రి కోసం అదనపు నిధులు ఇచ్చారు. ఎక్కువగా నోట్‌బుక్కులు, వర్క్‌బుక్కులు, పలకలు కొన్నారు. మొదటి ఏడాది ఆ డబ్బు అనుకోకుండా వచ్చింది, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ముందే తెలిసింది. బడే ఇస్తుంది కదా అని ఇళ్లలో చదువు ఖర్చు తగ్గించేశారు. మార్కుల్లో ఆ ఏడాది అదనపు లాభం కనిపించలేదు. ఇది ఎవరి తప్పూ కాదు, పేద ఇంట్లో మిగిలిన డబ్బుకు వంద అవసరాలుంటాయి. అయినా ప్రభుత్వం పుస్తకాలు, యూనిఫాం ఇచ్చినప్పుడు మిగిలిన దాంట్లో కొంతైనా కథల పుస్తకానికో, ఒక గంట ట్యూషన్‌కో పెడితే ఆ సాయం బిడ్డ చదువులో నిలుస్తుంది.

యూనివర్సిటీ గేటు దగ్గర కనిపించే ఖాళీ

ఈ చిన్న తరగతుల లోటు చివరకు పెద్ద చదువుల దగ్గర బయటపడుతుంది. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి ముఖం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. పేరున్న కాలేజీల్లో డిగ్రీ విద్యార్థుల్లో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరు ముస్లింలు. ముస్లిం పిల్లలంతా మదర్సాలకే వెళ్తారన్న ప్రచారాన్ని కూడా ఆ నివేదిక తోసిపుచ్చింది. మదర్సాల్లో చదివేది బడి ఈడు పిల్లల్లో 3 శాతం మాత్రమేనని లెక్క చెప్పింది. కేంద్రం 2020-21 ఉన్నత విద్య సర్వేలో దేశంలోని మొత్తం విద్యార్థుల్లో ముస్లింలు 4.6 శాతం. 2011 జనాభా లెక్కల్లో వారి వాటా 14.2 శాతం.

ఆషర్, నోవోసాద్, రాఫ్కిన్ అనే పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. దేశంలో చదువును వంద మెట్ల నిచ్చెన అనుకుంటే, చదువులో కింది సగంలో ఉన్న కుటుంబాల్లో పుట్టిన ముస్లిం కొడుకులు సగటున దాదాపు 29వ మెట్టు దగ్గర ఆగుతున్నారు. అలాంటి కుటుంబాల ఎస్సీ కొడుకులు దాదాపు 38వ మెట్టుకు చేరుతున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో దారులు కొన్ని తెరుచుకున్నాయి. 2007 నాటి బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్, 2016 నుంచి తెలంగాణలో వచ్చిన మైనారిటీ గురుకులాలు ఎన్నో కుటుంబాలకు ఆసరా అయ్యాయి. కానీ రిజర్వేషన్ సీటు వాడుకోవాలంటే ముందు ఇంటర్ దాటాలి. ఇంటర్ దాటాలంటే ఆరో తరగతి లెక్కలు రావాలి. ఆ లెక్కల పునాది రెండు, మూడు తరగతుల్లో పడుతుంది.

ఇంట్లోనే పది నిమిషాల పరీక్ష

బిడ్డ ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి తల్లిదండ్రులకు పెద్ద చదువు అక్కర్లేదు. 'అసర్' వాళ్లు వాడే పద్ధతే ఇంట్లో వాడొచ్చు. మూడో తరగతి దాటిన పిల్లవాడికి రెండో తరగతి పుస్తకంలోని ఒక పాఠం ఇచ్చి, గట్టిగా చదవమనాలి. పుస్తకం అతని సొంత క్లాసుది కాకూడదు, బట్టీ వచ్చి ఉండొచ్చు. పాఠం చదవలేకపోతే చిన్న పేరా, అదీ రాకపోతే పదాలు, ఆ తర్వాత అక్షరాలు. తర్వాత 42లోంచి 17 తీసేయమనాలి. అది వస్తే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనాలి. తల్లికి చదవడం రాకపోతే పక్కింటి అక్కనో, పెద్ద కొడుకునో కూర్చోబెట్టొచ్చు. ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. తిట్టకూడదు, కొట్టకూడదు. మూడో పేజీలో ఉన్నవాడికి మూడో పేజీయే చెప్పాలి.

బడిలో అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే, సర్కారు బడి అయినా ప్రైవేటు అయినా. మా పిల్లవాడు ఏ స్థాయిలో చదువుతున్నాడు? వెనకపడ్డ పిల్లలకు విడిగా సమయం ఇస్తున్నారా? అర్థం కానప్పుడు ఇంటి భాషలో ఒక్క మాట చెబుతారా? పేరెంట్స్ మీటింగ్‌లో ఫీజు బాకీ గురించి మాత్రమే మాట్లాడి పంపిస్తే, ఈ ప్రశ్నలు తల్లిదండ్రులే ఎత్తాలి.

ఈ జూన్‌లో ఏ బడిలో చేర్పించినా ఫీజు రశీదు దాచుకోవడం ఎలాగూ అలవాటే. దాంతో పాటు అదే రోజు బిడ్డ చేత ఒక పేజీ చదివించి, ఎక్కడ ఆగాడో తేదీతో రాసి పెట్టుకుంటే మంచిది. దసరా సెలవులకు అదే పేజీ మళ్లీ చదివిస్తే కట్టిన ఫీజుకు చదువు వస్తోందో లేదో ఇంట్లోనే తెలిసిపోతుంది.