గుత్తి మన్రో దొర చెన్నపట్నం చర్చిలో
మూడు శతాబ్దాల రిజిస్టర్లు చెప్పే చరిత్ర

పత్తికొండలో కన్నుమూసి, గుత్తిలో ఖననమై, చివరకు చెన్నపట్నం చేరిన దొర సర్ థామస్ మన్రో. రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. పొలానికి పన్ను కట్టే రైతు పేరునే లెక్కల్లో రాయించే రైత్వారీ పద్ధతిని ఈ సీమలో నాటినవాడు ఆయనే. ఆయన అస్థికలు ఉన్న చర్చి గురించి, అక్కడి రికార్డుల గురించి మన జిల్లా వాసులలో తెలిసినవారు తక్కువ.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆ ఏడే మన్రో ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి విడిచి స్వదేశానికి వెళ్లే ముందు పాత జిల్లాలను ఒకసారి చూసిపోదామని బయలుదేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాకు బలయ్యాడు. గుత్తి కోట కింద శ్మశానంలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు తరలించి, కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో తిరిగి సమాధి చేశారు.

చందాలతో లేచిన చర్చి

ఆ చర్చి ఇంగ్లీషు ప్రొటెస్టెంటులది. నేడు తమిళనాడు సచివాలయం ఉన్న సెయింట్ జార్జి కోటలోనే ఉంది. 1678 మార్చి 25న పనులు మొదలై, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. ఖర్చు కంపెనీ ఖజానాది కాదు. గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ చొరవతో కోటలోని ఉద్యోగులే చందాలు వేసుకున్నారు. ఫిరంగి గుండ్లు పడినా చెక్కుచెదరకుండా గోడలు, పైకప్పు ఎంతో మందంగా కట్టారు. 1758-59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినప్పుడు ఆ మందమే దానిని కాపాడింది.

ఆ ముట్టడిలో ఫ్రెంచివారు కోట బయట శ్మశానంలోని సమాధులను చాటుగా వాడుకున్నారు. అందుచేత తర్వాత ఆ సమాధి రాళ్లను పెకలించి తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. వాటిలో 1652లో ఓడ ప్రయాణంలో మరణించిన ఎలిజబెత్ బేకర్ అనే ఆమె రాయి కూడా ఉంది. అంటే చర్చి కంటే దాని ఆవరణలోని రాయే పాతదన్నమాట.

పెద్దలూ పసిపిల్లలూ ఒకే పుస్తకంలో

ఈ చర్చికి అసలు విలువ దాని రిజిస్టర్లది. బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు ప్రతిష్ఠ నాటి నుంచీ నమోదవుతూ వచ్చాయి. వివాహాలలో మొదటిది 1680 నవంబరు 4న జరిగిన ఎలీహూ యేల్ పెళ్లి. ఆయన తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. కలకత్తాకు పునాది వేశాడని చెప్పే జాబ్ చార్నాక్ ముగ్గురు కూతుళ్లకు 1689లో ఇక్కడే బాప్తిస్మమైంది. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753 ఫిబ్రవరి 18న ఇక్కడే జరిగింది.

పేరున్నవారి పక్కనే సిపాయిలు, గుమాస్తాలు, పుట్టిన కొన్నాళ్లకే పోయిన పసివారు కూడా అదే వరుసలో కనిపిస్తారు. మద్రాసు రాజధానిలోని చర్చిల నుంచి ఇటువంటి నమోదుల నకళ్లు లండనుకు వెళ్లేవి. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఒక చోట చెదలు తిన్నా రెండో చోట ఆధారం మిగులుతుందన్న మాట.

మనకేమిటి?

మన జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు. లండన్ మిషన్ 1822లోనే కడపలో పని ప్రారంభించింది. తర్వాత ఈ సీమ చర్చిలలో బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు పెట్టారు. క్రైస్తవ వివాహాలను రిజిస్టరులో ఎక్కించి తీరాలని 1872 చట్టం నిర్దేశించింది. తాత పుట్టిన తేదీ, అవ్వ పుట్టింటి ఊరు ఇంకెక్కడా దొరకని కుటుంబాలకు ఆ పాత పుస్తకమే దిక్కు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి ప్రభుత్వ జనన ధ్రువపత్రమే రుజువు. అంతకు ముందు పుట్టిన పెద్దలకు ఇటువంటి కాగితాల అవసరం ఇంకా తీరలేదు.

చర్చి పుస్తకాలకే కాదు, 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక పల్లెల్లో మిగిలిన పాత లెక్కలకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇనుప పెట్టె, పొడి గది, ఒక నకలు ఉంటే చాలు, అవి మరో తరానికి అందుతాయి. గవర్నరు పేరు ఏదో ఒక రాయి మీద నిలుస్తుంది. సామాన్యుడి పేరు నిలిచేది ఆ పుస్తకంలోనే. సంఘ పెద్దలు, గ్రామ పెద్దలు తమ ఊరి పాత పుస్తకాలను ఈ వేసవిలోనైనా ఒకసారి ఎండకు పెట్టి చూసుకోవడం మంచిది.