మీకు తెలుసా? దడుపుకు మాటల వైద్యం ఉంది

కొలిమిగుండ్ల, అవుకు, బేతంచెర్ల వైపు ఎంతోమందికి నాపరాళ్ల గనులే బతుకుదెరువు. గనిలో బండ విరిగిపడి తోటి మనిషి కళ్లముందే పోతే, గీత కూడా పడకుండా బయటపడ్డవాణ్ణి చూసి ‘దేవుడి దయ, వీడికేం కాలేదు’ అంటాం. కానీ నెల దాటినా ఆ దృశ్యం పదేపదే కళ్లముందుకొస్తోందా? రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడా? రాయి కోసే మిషన్ చప్పుడుకే చెమటలు పడుతున్నాయా? ఆ మనిషి పిరికివాడు కాదు. మనం దడుపు అనుకునేది పీటీఎస్‌డీ, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే జబ్బు కావచ్చు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. వరదలో చిక్కుకున్నవారికీ, కక్షల్లో హత్యను కళ్లారా చూసినవారికీ కూడా ఇది రావచ్చు.

జబ్బును పెంచి పోషించేది తప్పించుకోవడమే. గని వైపు పోకపోవడం, ఆ మాటెత్తితే లేచిపోవడం, మందు తాగి పడుకోవడం. ఆ పూటకు ప్రాణం హాయిగా ఉంటుంది, భయం మాత్రం అలాగే ఉండిపోతుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ, ఈ ముడినే విప్పుతుంది.

సీబీటీలోనే మానసిక శాస్త్రవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతిలో బాధితుడు కళ్లు మూసుకుని, ఆ సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటినుంచి చివరిదాకా చెబుతాడు. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినమంటారు. మరోపక్క, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెల్లమెల్లగా అడుగు వేయిస్తారు. ముందు గనికెళ్లే దారిదాకా, తర్వాత దూరంనుంచి చూడటం, ఆపైన తోడుతో ఇంకాస్త దగ్గరికి. భయం 0 నుంచి 100లో ఎంతుందో ప్రతిసారీ అడుగుతారు. నిజంగా ప్రమాదమున్న చోటికి మాత్రం పంపరు.

మరో మానసిక శాస్త్రవేత్త పాట్రీషియా రెసిక్ పద్ధతి ఆలోచనల మీద పనిచేస్తుంది. ‘నేను తొందరపెట్టకపోతే వాడు బతికేవాడు’ అని కుమిలిపోయే మనిషిని థెరపిస్టు ఓపిగ్గా అడుగుతాడు: బండ విరుగుతుందని ఆ క్షణంలో నీకు తెలుసా? తెలిసే పంపావా? ఏళ్లుగా మోస్తున్న నేరభావం ఇలాంటి ప్రశ్నల దగ్గరే సడలడం మొదలవుతుంది. చాలామందికి 8 నుంచి 12 సిట్టింగులు పడతాయి. శిక్షణ ఉన్నవారి దగ్గరే చేయించుకోవాలి, సొంత ప్రయోగం వద్దు.

ఇంకో సంగతి. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పించేస్తే గుండె తేలికవుతుందని అనుకుంటాం. పీటీఎస్‌డీని ఆపడానికి అలా చేయించవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రోజు కావలసింది తిండి, నీడ, పక్కన మనవాళ్లు.

పల్లెల్లో మానసిక వైద్యం సాధ్యమేనని 1980ల్లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చూపించింది మన పొరుగున ఉన్న బళ్లారి జిల్లాలోనే. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పూర్తి చికిత్స ఫోన్‌లో అయిపోదు గానీ, ఎక్కడికి వెళ్లాలో వాళ్లు దారి చూపిస్తారు.