ప్లాటు కంటే ముందు బాట

హైదరాబాద్ శివార్లలో కొత్తగా వెలిసిన కాలనీలు తిరిగితే ఒక చోట కాకపోతే ఒక చోట ఇది కనబడుతుంది. కమాను దాటి లోపలికి వెళ్లిన నలభై అడుగుల సిమెంటు రోడ్డు నేరుగా పోయి ప్రహరీగోడ దగ్గర ఆగిపోతుంది. గోడకు అవతల ఇంకో వెంచర్. అక్కడా రోడ్డుంది, కానీ ముప్పై అడుగులదే, పైగా పది గజాలు పక్కకు జరిగి ఉంది. కేకేస్తే వినబడే ఇంటికి వెళ్లాలన్నా మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి. అంబులెన్సుకీ అదే దారి, స్కూలు బస్సుకీ అదే దారి.

రెండు లేఅవుట్లకీ అనుమతులు ఉండొచ్చు. విడివిడిగా చూస్తే రెండూ నిబంధనల ప్రకారమే ఉండొచ్చు కూడా. చిక్కంతా అవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయన్న దగ్గరే ఉంది. ఒక రైతుకు నాలుగెకరాలు, పక్కాయనకు ఆరు. వెంచర్ వేసేవాడు తనకు దొరికిన సర్వే నంబర్ల మేరకే నక్ష గీయిస్తాడు. దాంతో ఎప్పుడో పంట పొలాలకు పాతిన హద్దురాళ్లే రేపటి పట్టణానికి గోడలవుతున్నాయి. ఈ ముక్కలన్నిటినీ కలిపే పని ఊరి మొత్తాన్నీ చూసేవాళ్లది. అదీ ప్లాట్లు పడకముందే జరగాలి.

ఆ పని కోసం సంస్థలు లేకపోలేదు. 1975లో హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) ఏర్పడింది. 2008లో దాన్ని విస్తరించి ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతంతో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చేశారు. 2031 వరకూ చూపు సారించిన మాస్టర్ ప్లాన్ 2013లో అమల్లోకి వచ్చింది. ఏది నివాస జోన్, ఏది పరిశ్రమల జోన్, ఏది వ్యవసాయ భూమి అని రంగులు వేసి చూపించే పటం అది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్‌గా గుర్తించి, అందులో గ్రిడ్ రోడ్లు కూడా గీశారు. అయినా పటం మీద గీత పడినంత మాత్రాన నేల మీద రోడ్డు పడదు.

ఎందుకు పడదో తెలియాలంటే గీత కింద ఉన్న రైతును చూడాలి. చదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో వైపు సుమారు 208 అడుగులు. దాని మధ్య నుంచి వంద అడుగుల రోడ్డు పోతే దాదాపు సగం పొలం పోయినట్టే. పక్క రైతుకు సెంటు భూమి పోదు సరికదా, రోడ్డు ముఖం వచ్చి గజం ధర పెరుగుతుంది. నష్టమంతా ఒకరికి, లాభమంతా ఇంకొకరికి. అలాంటప్పుడు మొదటి రైతు కోర్టు మెట్లెక్కినా, పనులు మొదలయ్యేలోపే అమ్ముకుని బయటపడాలని చూసినా తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. తప్పు పద్ధతిది.

ఈ చిక్కుకు మన దేశంలోనే పాత పరిష్కారం ఉంది. 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంతో మొదలైన పద్ధతిని గుజరాత్ ఇప్పటికీ వాడుతోంది. వందెకరాల ప్రాంతంలో ముప్పై మంది రైతులున్నారనుకోండి. అందరి భూమినీ కాగితం మీద ఒక్కటిగా కలుపుతారు. రోడ్లు, పార్కు, బడి, డ్రైనేజీకి కావలసిన చోటు ముందే తీస్తారు. మిగిలింది ఎవరి వాటా వాళ్లకు చక్కటి ఆకారంలో తిరిగి ఇస్తారు. నలభై శాతం పోతుందనుకుంటే, రెండెకరాల రైతు చేతికి ఎకరం ఎనిమిది గుంటలు వస్తుంది. విస్తీర్ణం తగ్గినా దానికి రోడ్డుంటుంది, విలువ పెరుగుతుంది. అసలు సంగతేమిటంటే పోయేది అందరికీ పోతుంది, ఒక్కడి నెత్తినే పడదు. అహ్మదాబాద్ చుట్టూ ఉన్న 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు చాలావరకు భూమి ఇలాగే సమకూరింది. మనకూ ఇది పూర్తిగా కొత్త కాదు. ఉప్పల్ భగాయత్‌లో భూములిచ్చిన రైతులకు ఎకరాకు వెయ్యి గజాల చొప్పున అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇచ్చారు. అక్కడక్కడా చేసిన ఆ పని శివారు మొత్తానికీ మామూలు పద్ధతి కావాలి.

రోడ్డు తప్పితే చుట్టూ తిరిగి వెళ్తాం. నీటికి దారి తప్పితే ఇళ్లలోకి వస్తుంది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు దూకి, వాగు పట్టి, కింది చెరువుకు చేరాలి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. వేసవిలో ఎండిన శిఖం (చెరువు గర్భం) భూమిని చూపించి ప్లాటు అమ్మేవాడు ఈ లెక్క చెప్పడు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో ముప్పై సెంటీమీటర్లకు పైగా వాన కురిసినప్పుడు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కథ ఇంకా పెద్దది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఈ రెండు జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. అమ్మబోతే ధర లేక అక్కడి రైతులు పాతికేళ్లు నష్టపోయారు. నగరానికి నీళ్లిచ్చే బాధ్యత ఆ 84 ఊళ్ల మీద పెట్టి, వాళ్లకు నగరం ఏమీ చెల్లించలేదు. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది, మార్గదర్శకాలు సూచించడానికి కమిటీ వేశారు. తాళం తీశాక గది ఎలా సర్దాలో ఆలోచించడం నాకు తలకిందుల వ్యవహారంగానే తోస్తుంది. ముందు వాగులు, వంకలు, రోడ్లు గుర్తించి ఆ తర్వాత తెరవాల్సింది.

ఆలస్యమైపోయాక మిగిలేది క్రమబద్ధీకరణే. అనధికార లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే 2020 నాటి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నారు. డబ్బు ఖజానాకు చేరుతుంది. కానీ ఇళ్లు నిండిపోయిన కాలనీలో పార్కుకు ఆ డబ్బుతో ఎక్కడ చోటు కొంటారు?

ఇప్పుడు చూపు పెట్టాల్సింది ఔటర్‌కూ, ప్రతిపాదిత రీజినల్ రింగ్ రోడ్డుకూ మధ్యనున్న పల్లెల మీద. సంగారెడ్డి, గజ్వేల్, చౌటుప్పల్ వైపు పొలాల్లో కడీలు పాతడం ఇప్పటికే మొదలైంది. ఆ ఊళ్ల రెవెన్యూ నక్షల్లో బండ్ల బాటలు, వాగులు ఇంకా ఉన్నాయి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువిస్తారు. ఆ గడువులోగా గ్రామసభ ఊరి నక్షనూ ముసాయిదా పటాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ సర్వే నంబరులో నక్ష బాట తెగిపోయింది, ఏ వాగు మీద నివాస జోన్ రంగు పడింది, ఏ అలుగు కింద దారి లేదు అన్నది నంబర్లతో సహా రాసి, నక్ష నకలు జతచేసి ఇచ్చి, చేతికి రసీదు తీసుకోవాలి.