పాటకు పడిన పేటెంటు కళ్ళెం

శంషాబాదు విమానాశ్రయానికి చేరువలోని మంఖాల్ వంటి ఊరిలో ఒక కళాశాల ఉన్నదనుకొందాం. వెల పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక, ఆ కళాశాలవారు తమ కంప్యూటర్లన్నింటిలో లినక్స్‌ను నెలకొల్పుకొన్నారు. వాటిపై లేఖలు వ్రాయవచ్చు, లెక్కలు చేయవచ్చు, ప్రోగ్రాములు నేర్వవచ్చు. కాని 2000 తరువాతి దశాబ్దంలో ఆ విద్యార్థులు అంతర్జాలంలో ఒక రేడియో ప్రసారాన్ని వినబోతే, పలుమార్లు మౌనమే సమాధానమయ్యేది. యంత్రంలో లోపం లేదు, ప్రోగ్రామర్ల ప్రతిభకూ కొరత లేదు. అడ్డుపడినది పేటెంటు.

ధ్వనిని ఉన్నదున్నట్లుగా పంపడం సులభం కాదు. సీడీలోని సంగీతానికి సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు కావాలి. నాటి టెలిఫోను తీగ మోయగలిగినది మహా అయితే 56 వేలు. అందుచేత మానవుని చెవి గ్రహించలేని అంశాలను తొలగించి, ధ్వనిని పదోవంతుకు కుదించే పద్ధతిని శాస్త్రజ్ఞులు రూపొందించారు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ ప్రధాన పాత్ర వహించిన ఎంపీ3 అటువంటిదే. ధ్వని ప్యాకెట్లను చేరవేసే ఆర్‌టీపీ వంటి నియమావళి 1996 నాటికే అందరికీ అందుబాటులో ఉన్నది. బండి అందరిదీ, అందులోని మూటకు వేసిన తాళం మాత్రం కొందరిది! ఒక్కొక్కప్పుడు బండికి కూడా హక్కుదారులు ఉండేవారు. మైక్రోసాఫ్ట్ ప్రసారాలకు వాడిన ఏఎస్‌ఎఫ్ రూపాన్ని చదివే భాగాన్ని వర్చువల్‌డబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నుండి 2000లో తొలగించవలసి వచ్చింది. ఆ సంస్థ తన పేటెంటును గుర్తుచేయడమే అందుకు కారణం.

రుసుము చెల్లిస్తే సరిపోదా అన్న సందేహం సహజమే. 1998లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఎంపీ3 ప్రోగ్రాములు వ్రాస్తున్నవారికి లేఖలు పంపి రుసుము కోరింది. తరువాతి కాలంలో ధ్వనిని విప్పే ప్రోగ్రాముకు ప్రతి ఒక్కింటికి 75 సెంట్లు చెల్లించాలన్న ధర స్థిరపడింది. ప్రతులను లెక్కించి అమ్మే వ్యాపారికి ఇది భారం కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు లెక్క ఎక్కడిది? ఒకరు పదిమందికి ఇస్తారు, ఆ పదిమంది నూరుమందికి పంచుతారు. పైగా 1991 నాటి జీపీఎల్ రెండవ కూర్పులోని ఏడవ నిబంధన ప్రకారం, పొందినవారు రుసుము లేకుండా తిరిగి పంచుకొనే వీలు లేకపోతే ఆ ప్రోగ్రామును అసలు పంచనేకూడదు. అంటే ఒక దాత ముందుకు వచ్చి మొదటి ప్రతికి సొమ్ము చెల్లించినా చిక్కు వీడదు. ఈ కారణంగానే 2002లో వెలువడిన రెడ్‌హాట్ లినక్స్ 8.0 నుండి ఎంపీ3ని తొలగించారు. లేమ్ అనే ప్రోగ్రాము కర్తలు మరొక ఉపాయం పన్నారు. మూలరూపాన్ని మాత్రమే చదువుకొనేందుకు అందించారు. తాను ఎంపీ3ని తయారుచేసే ప్రోగ్రామును కానని దాని పేరే చెప్పుకొంటుంది!

భారతదేశంలో పరిస్థితి కొంత భిన్నమైనది. 2002 నాటి సవరణ ద్వారా పేటెంటు చట్టంలో చేరిన 3(కె) నిబంధన, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు గాని గణిత పద్ధతికి గాని పేటెంటు ఉండదని పేర్కొన్నది. 2004 డిసెంబరులో జారీ అయిన ఆర్డినెన్సు ఆ కట్టుబాటును సడలించబోయింది. దానికి తీవ్రమైన వ్యతిరేకత రాగా, 2005లో పార్లమెంటు పాత నిబంధననే నిలిపింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌కు తెలుగు రూపాన్ని సమకూర్చింది. అటువంటి కృషికి ఈ చట్టం కొంత రక్షణ. అయితే పేటెంటు ఏ దేశంలో లభిస్తే ఆ దేశానికే పరిమితమైనా, దాని ప్రభావం సరిహద్దులను దాటుతుంది. అమెరికాలో తయారైన లినక్స్ అక్కడి చట్టానికి వెరచి మూగదై బయలుదేరితే, మంఖాల్ చేరేసరికి దానికి గొంతు వస్తుందా?

ఈ చిక్కు నుండే ప్రత్యామ్నాయాలు కూడా పుట్టాయి. రుసుము లేని వోర్బిస్ అనే ధ్వనిరూపం 2002లో తొలి పూర్తి కూర్పుగా వెలువడింది. నాణ్యతలో అది ఎంపీ3కి తీసిపోలేదు. కాని అనేక ఆట పరికరాలు, జేబు పరికరాలు దానిని గుర్తించకపోవడంతో శ్రోతలు తగ్గుతారన్న భయంతో ప్రసారకులు పాత రూపాన్ని వదలలేదు. 2012లో ప్రమాణంగా రూపొందిన ఓపస్ మాత్రం బ్రౌజర్లలో స్థానం సంపాదించి, నేడు అంతర్జాల సంభాషణలకు విస్తారంగా ఉపయోగపడుతున్నది. ఇక ఎంపీ3కి విమోచన కలిగించినది కాలమే. 2016లో ఫెడోరా లినక్స్ దానిని విప్పే ప్రోగ్రామును చేర్చుకొన్నది. 2017 ఏప్రిల్ 23న ఎంపీ3 అనుమతుల విధానం ముగిసింది. అదే సంవత్సరం ఫెడోరాలో చేరిన ఏఏసీ ప్రోగ్రాములో మాత్రం, గడువు తీరని పేటెంట్లకు సంబంధించిన భాగాలను కత్తిరించే ఉంచారు.