ఆ ఒక్క పచ్చచుక్క

వేసవి సంచికకు చర్మ క్యాన్సర్ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్, శుక్రవారం సాయంత్రంలోగా. ఎండ, గొడుగు, సన్‌స్క్రీన్... ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. అవే పోగేస్తుంటే 2016 జనవరిలో ‘సైన్స్’ పత్రిక వేసిన ఒక పరిశోధన పత్రం కంటపడింది. అందులో ఫొటోలు చూశాక మిగతా కాగితాలు పక్కన పెట్టేశాను.

ఫొటోలో ఉన్నది జీబ్రాఫిష్. ఒంటి పొడవునా నీలి చారలు, పొడవు మహా అయితే నాలుగు సెంటీమీటర్లు. దాని చర్మంలో ఒకే ఒక్క కణం పచ్చగా వెలుగుతోంది. ఆ తర్వాతి ఫొటోల్లో ఆ పచ్చదనం పాకింది. ఒక్క కణం గుంపైంది, గుంపు కణితైంది. చర్మ క్యాన్సర్లలో ప్రాణాల మీదికి తెచ్చేది మెలనోమా. అది బతికున్న జంతువులో తొలి కణం దగ్గరే దొరికిపోయింది!

బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లోని లెనార్డ్ జోన్ ప్రయోగశాలలో ఛార్లెస్ కౌఫ్‌మన్, సహచరులు చేసిన పని ఇది. మనుషుల మెలనోమాల్లో దాదాపు సగంలో కనిపించే బీరాఫ్ జన్యుమార్పును ఈ చేపల రంగు కణాల్లో పెట్టారు. కణాలకు కాపలా కాసే పి53 జన్యువును పనిచేయకుండా చేశారు. అంటే ఒంటినిండా ఉన్న రంగు కణాలన్నిటికీ లోపాలు ఒకటే. కణితి మాత్రం ఏ ఒకటీ అరా చోటో లేస్తుంది. ఏ జన్యువు చెడిందన్నది అప్పటికే తెలుసు. అన్నిటికీ అదే చెడినప్పుడు ఈ ఒక్కటే ఎందుకు దారి తప్పిందన్నది వీళ్ల ప్రశ్న. ఈ పత్రం మీద నాకు మమకారం పుట్టింది అక్కడే.

జవాబు క్రెస్టిన్ అనే జన్యువు చూపించింది. పిండంలో న్యూరల్ క్రెస్ట్ అనే కణాలుంటాయి. రంగు కణాలు, కొన్ని నాడులు, ముఖంలోని ఎముకలు వాటి నుంచే పుడతాయి. క్రెస్టిన్ ఆ కణాల్లో పనిచేసి, చేపపిల్లకు మూడు రోజులు వచ్చేసరికి ఆగిపోతుంది. దాన్ని మేల్కొలిపే డీఎన్‌ఏ ముక్కకు జెల్లీఫిష్‌లో దొరికిన పచ్చకాంతి ప్రొటీన్ జన్యువును తగిలించారు. ఇక ఎదిగిన చేపలో ఎక్కడైనా పచ్చచుక్క కనిపించిందంటే, అక్కడి కణం మళ్లీ పిండదశ గుణాలు తెచ్చుకుందన్నమాట. అలా వెంబడించిన చుక్కలు కణితులయ్యాయి. సాక్స్10 అనే ఇంకో జన్యువు జోరు పెంచితే, కణితులు మరింత త్వరగా వచ్చాయి.

ఇది చదివి రేపే పుట్టుమచ్చకు పచ్చదీపం పరీక్ష వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. క్రెస్టిన్ మనిషిలో లేనే లేదు. ఈ చేపలకు క్యాన్సర్ ఎండ వల్ల రాలేదు, మనం పెట్టిన జన్యువు వల్ల వచ్చింది. సాక్స్10 మాత్రం మనలోనూ ఉంది, మన మెలనోమా కణాల్లోనూ చురుగ్గానే ఉంటుంది. చేప చెప్పిన మాటలో మనకు పనికొచ్చే పాలు అది.

చరిత్ర క్లుప్తంగా: జీబ్రాఫిష్ మన ఉపఖండపు వాగుల్లో చేపే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. 1920ల చివర్లో ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే అక్వేరియం చేపల్ని జత కలిపితే, సంకర సంతానంలో నల్లకణితులు లేచాయి. 1981లో ఒరెగాన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ జీబ్రాఫిష్‌ను జన్యు ప్రయోగాలకు తెచ్చాడు. బీరాఫ్ మార్పు మనుషుల్లో బయటపడింది 2002లో, దానితో చేపకు మచ్చలు తెప్పించింది 2005లో.

కీళ్లవాతం మాత్ర

2011లో జోన్ ప్రయోగశాలవాళ్లే రెండు వేల రసాయనాలను చేప పిండాల మీద ప్రయోగించి, క్రెస్టిన్‌ను ఏవి చెరిపేస్తాయో చూశారు. ఆ వెతుకులాటలో తేలిన మందు లెఫ్లునోమైడ్, కీళ్లవాతానికి ఎప్పటినుంచో ఇస్తున్నదే. ఎలుకల్లో మనిషి మెలనోమా పెరుగుదలను అది తగ్గించింది.

అరికాలి మచ్చ

మన దేశంలో మెలనోమా తక్కువే. వచ్చినప్పుడు మాత్రం తరచూ అరికాల్లోనో గోరు కిందో వస్తుంది. గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది కాలి బొటనవేలి గోరు కిందే. ఈ రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు, బీరాఫ్ పాత్రా తక్కువే. న్యూయార్క్‌లో రిచర్డ్ వైట్ బృందం ఈ రకంలో ఎక్కువగా ఉండే సీఆర్‌కేఎల్ వంటి జన్యువులను జీబ్రాఫిష్‌లో పెడితే కణితులు రెక్కల్లో లేచాయని 2022లో ‘నేచర్’లో ప్రకటించింది. రెక్కల్లోని కణాలకు తామున్న చోటును గుర్తుచేసే హాక్స్13 జన్యువులే అక్కడ కణితికి ఊతమిచ్చాయి. మన చేతులు, కాళ్ల చివర్లలోనూ అవే జన్యువులు పనిచేస్తుంటాయి. అరికాల్లో నల్లమచ్చ పెరుగుతున్నా, గోరు కింద నల్లచార వెడల్పవుతున్నా ఆనె అనో, దెబ్బ తగిలిందనో వదిలేయకుండా చర్మ డాక్టరుకు చూపించండి.