కెరటం మీద మొదటి పాఠం

సెలవులు వచ్చాయంటే మన కుటుంబాలలో చాలామంది సముద్రం చూడడానికి బయలుదేరుతారు. కొందరు విశాఖపట్నం, కొందరు సూర్యలంక, మంగినపూడి, మైపాడు. బంధువులుంటే చెన్నై. వెళ్లినవారిలో ఈత వచ్చినవారు తక్కువే. అయినా మోకాళ్ల లోతు వరకే అని మొదలుపెట్టి నడుము లోతు వరకు దిగుతాము. సముద్రంలో ఎక్కడ దిగాలి, ఎలా పడాలి, ఎలా బయటికి రావాలి అనే మూడు సంగతులు మనలో ఎక్కువ మందికి ఎవరూ నేర్పలేదు.

ఈ మూడింటినీ వరుసగా నేర్పే పాఠం ఒకటి ఉంది. అదే సర్ఫింగ్ నేర్చుకునేవారికి చెప్పే మొదటి పాఠం. నాకు 54 ఏళ్లు. ఈ వయసులో, సెలవుకు వెళ్లినప్పుడు, నేను ఆ పాఠం నేర్చుకుని వచ్చాను. అందులో మన కుటుంబాలకు పనికి వచ్చే విషయాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ సంచికలో రాస్తున్నాను.

సర్ఫింగ్ అంటే ఏమిటి?

పొడవైన బోర్డు మీద బోర్లా పడుకొని, చేతులతో నీటిని వెనక్కి తోస్తూ, వచ్చే కెరటాన్ని అందుకొని, దాని మీద లేచి నిలబడి ఒడ్డు వైపు జారుతూ రావడమే సర్ఫింగ్. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల ప్రజలకు ఇది తరతరాల విద్య. ఆ దీవులకు చెందిన డ్యూక్ కహనమోకు 1912, 1920 ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల ఈతలో బంగారు పతకాలు గెలిచిన మనిషి. ఇతర దేశాలకు ఈ విద్యను చూపించినవారిలో ఆయనే ముఖ్యుడు.

ఆయన గురించి ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1925 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో పెద్ద కెరటాలకు ఒక పడవ తిరగబడింది. డ్యూక్ తన బోర్డుతో మళ్లీ మళ్లీ లోపలికి వెళ్లి 8 మందిని ఒడ్డుకు చేర్చాడు. తీరంలోని రక్షణ సిబ్బంది ఇలాంటి బోర్డులను వాడడానికి ఆ సంఘటన ప్రేరణ అయింది. ఆటవస్తువుగా కనిపించే బోర్డు నీళ్లలో ప్రాణం నిలిపే సాధనం కూడా.

మన దేశంలో కర్ణాటకలోని మూల్కి అనే ఊరిలో 2004 నుండి సర్ఫింగ్ నేర్పుతున్నారు. ఆ తరువాత చెన్నైకి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోవళం అనే మత్స్యకారుల గ్రామం కూడా దీనికి పేరు పొందింది. కేరళలోని కోవళం వేరు, ఇది వేరు. ఇక్కడ నేర్పేవారిలో ఆ ఊరి మత్స్యకార కుటుంబాల యువకులు ఉన్నారు. టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021లో జరిగిన క్రీడలలో, సర్ఫింగ్ మొదటిసారిగా చేరింది.

పాఠం ఇసుకలో మొదలయింది

ఫిబ్రవరి నెలలో వారం రోజులు సెలవు పెట్టి చెన్నైలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లాను. డిగ్రీ చదువుతున్న మేనకోడలు సర్ఫింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. తోడుగా నన్ను పంపించారు. అక్కడికి వెళ్లాక, "అత్తా, నువ్వూ దిగు, ఒక్కదాన్నే అయితే నాకు భయం" అంది. నాకు బి.పి. ఉంది, మాత్రతో అదుపులో ఉంటుంది. మా డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను. నడుము లోతు వరకైతే, అలసట రాకుండా చూసుకుంటే ఫరవాలేదన్నారు.

నేర్పే అబ్బాయి ముందుగా ఒక కాగితం ఇచ్చి మా వివరాలు రాయించుకున్నాడు. ఈత వచ్చా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ వస్తుందా, ఈ మధ్య ఆపరేషన్ జరిగిందా అని ఒక్కొక్కటే అడిగాడు. మన వార్డులో కేస్ షీటు రాసినట్టే అనిపించి నాకు ధైర్యం వచ్చింది. చీర, చున్నీ, లుంగీ నీళ్లలో తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. అందుకని ఒంటికి పట్టే పొడుగు చేతుల చొక్కా, బిగుతు లాగు ఇచ్చారు.

తరువాత మమ్మల్ని ఇసుకలో కూర్చోబెట్టి, పది నిమిషాలు సముద్రాన్ని చూడమన్నాడు. పడవ దింపే ముందు తన తండ్రి కూడా ఇలాగే చూస్తాడట. చూస్తూ ఉంటే కెరటాలు గుంపులుగా వస్తాయని తెలిసింది. కొన్ని పెద్దవి వరుసగా వస్తాయి. ఆ తరువాత కొంతసేపు నెమ్మది. అంటే ఒక్క నిమిషం చూసి "ఈ రోజు సముద్రం శాంతంగా ఉంది" అనుకోకూడదు.

అప్పుడతను ఒక ప్రశ్న వేశాడు. "మీరైతే ఎక్కడ దిగుతారు?" కుడివైపు, ఎడమవైపు తెల్లగా నురుగు లేస్తోంది. మధ్యలో కొంతమేర కెరటాలు విరగకుండా నున్నగా ఉంది. మేనకోడలు ఆ మధ్య చోటే చూపించింది. పిల్లలున్న ఏ తల్లి అయినా అదే చూపిస్తుంది. అతను తల అడ్డంగా ఊపి, "లోపలికి తీసుకుపోయేది అదే" అన్నాడు.

శాంతంగా కనిపించే చోటే ప్రమాదం

కెరటాలతో ఒడ్డుకు వచ్చి చేరిన నీరు మళ్లీ సముద్రంలోకి పోవాలి కదా! అది ఇరుకైన దారి చేసుకొని కాలువలాగా లోపలికి పారుతుంది. దీనిని రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో లోతు ఎక్కువ ఉండటం వల్ల కెరటాలు అక్కడ విరగవు. అందుకే నున్నగా కనిపిస్తుంది. నీటి రంగు కొంచెం మారి ఉండటం, ఇసుకతో బురదగా ఉండటం, నురుగు లోపలి వైపు కొట్టుకుపోతూ ఉండటం దాని గుర్తులు.

బలమైన ప్రవాహం సెకనుకు 2 మీటర్లకు మించిన వేగంతో పోగలదు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. కాని అది మనిషిని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. చనిపోయేవారు ఎక్కువగా ఒడ్డు వైపు ఎదురీది, అలసిపోయి మునుగుతారు. అందుకని అందులో చిక్కుకుంటే ఇలా చేయాలి:

- కంగారు పడకుండా, వెల్లకిలా తేలుతూ ఊపిరి పీల్చుకోండి.
- ఒక చెయ్యి పైకెత్తి ఊపండి, కేక వేయండి.
- ఈత వస్తే ఒడ్డుకు ఎదురుగా కాకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. లాగడం తగ్గాక, కెరటాలు విరుగుతున్న చోటి నుండి ఒడ్డుకు రండి.
- ఈత రాకపోతే తేలుతూనే ఉండండి. చాలాసార్లు కొంత దూరం పోయాక ప్రవాహం బలం తగ్గిపోతుంది.

పడటం కూడా నేర్చుకోవాలి

తరువాత పడటం నేర్పాడు. సర్ఫింగ్‌లో నిలబడటం కంటే పడటమే ఎక్కువసార్లు జరుగుతుంది. నీళ్లు లోతు లేని చోట తల ముందు పెట్టి పడితే మెడ ఎముక విరుగుతుంది. మెడ దెబ్బతింటే జీవితాంతం కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. అందువల్ల వెనక్కి గాని పక్కకు గాని, పరుపు మీద పడినట్టు వెడల్పుగా పడాలి. నీళ్ల నుండి పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోవాలి, ఎందుకంటే బోర్డు పైనే ఉంటుంది. మనకూ కెరటానికీ మధ్యలో బోర్డు ఎప్పుడూ ఉండకూడదు. ఉంటే కెరటం దానిని తెచ్చి మన మీదే వేస్తుంది.

చివరిగా లేవడం. ఇసుక మీద గీసిన బోర్డు బొమ్మ మీద బోర్లా పడుకొని, అరచేతులు రొమ్ము పక్కన ఆనించి, ఒక కాలు ముందుకు తెచ్చి పక్కవాటుగా లేవాలి. మోకాళ్లు కొద్దిగా వంచాలి, చూపు ఒడ్డు మీద ఉండాలి. ఇరవై సార్లు లేపించాడు. పిల్ల గబగబా లేచింది. నేను ముందు మోకాళ్ల మీద లేచి, తరువాత నిలబడ్డాను. "అమ్మా, మీకు అదే సరైన పద్ధతి" అన్నాడు.

ముప్పావు గంట ఇసుకలోనే గడిచాక నీళ్లలోకి తీసుకెళ్లాడు. మాకిచ్చినవి పైన మెత్తగా ఉండే 9 అడుగుల బోర్డులు. బోర్డుకు కట్టిన తాడు చివర ఉన్న పట్టీని కాలి చీలమండకు బిగిస్తారు. దానివల్ల పడిపోయినా బోర్డు దూరంగా పోదు. నడుము లోతులో నిలబడి, విరిగిన కెరటం నురుగు రాగానే అతను బోర్డును ముందుకు తోసేవాడు. మేనకోడలు రెండోసారికే నిలబడింది. నేను నాలుగుసార్లు పడ్డాను, రెండుసార్లు మోకాళ్ల మీద వచ్చాను. ఆ తరువాత ఒకసారి లేచి నిలబడి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు కెరటం మీద ఉన్నాను. కాళ్ల కింద నీరు పరుగెత్తుతుంటే కలిగిన సంతోషం మాటలలో చెప్పలేను. అరగంటకు చేతులు లాగేశాయి. "ఇక చాలు" అని బయటికి వచ్చేశాను. మర్నాడు భుజాలు, తొడలు బాగా నొప్పి పెట్టాయి.

ఎవరు దిగకూడదు?

గుండె జబ్బు, అదుపులో లేని బి.పి., మూర్ఛ, తీవ్రమైన ఆస్తమా ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు, చెవిపొరకు రంధ్రం ఉన్నవారు, ఈ మధ్య కంటి ఆపరేషన్ లేదా మరే ఆపరేషన్ అయినా జరిగినవారు సర్ఫింగ్ జోలికి పోకూడదు. షుగర్ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి, ఖాళీ కడుపుతో దిగకూడదు, పాదాలలో స్పర్శ తక్కువగా ఉంటే గాయాలు తెలియవని గుర్తుంచుకోవాలి. మద్యం తాగినవారు ఏ నీటిలోనూ దిగకూడదు.

మొదటిసారి సర్ఫింగ్ చేసేవారికి చాలా అరుదుగా వెన్నుపాముకు రక్తప్రసరణ తగ్గే జబ్బు ఒకటి వస్తుంది. హవాయి వైద్యులు 2004లో దీనిని వివరించారు. బోర్లా పడుకొని నడుమును ఎక్కువసేపు వెనక్కి విరిచి ఉంచడం వల్ల ఇది వస్తుందని భావిస్తున్నారు. దెబ్బ తగలకుండానే నడుము నొప్పి మొదలై, కాళ్లు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం, మూత్రం రాకపోవడం దీని లక్షణాలు. అలా అనిపిస్తే వెంటనే బయటికి వచ్చి ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగైదు నిమిషాలకు ఒకసారి లేచి కూర్చోవడం మంచిది.

ఎవరైనా మునిగితే

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీటిలో మునిగి చనిపోయారు. నా ఉద్యోగ జీవితంలో విహారయాత్రల నుండి అలా తెచ్చిన పిల్లలను చూశాను. తెచ్చినవారు ప్రేమతోనే అన్నీ చేసి ఉంటారు. కడుపు నొక్కి ఉంటారు, తలకిందులుగా వేలాడదీసి ఉంటారు, భుజాన వేసుకొని పరుగెత్తి ఉంటారు. ఊపిరి మాత్రం ఇచ్చి ఉండరు. ఆ బిడ్డకు కావలసింది ఊపిరి. కడుపు నొక్కితే లోపలి ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతుంది, విలువైన నిమిషాలు కూడా పోతాయి. అందుచేత ఈ క్రమం ఇంటిల్లిపాదీ నేర్చుకోండి:

1. రక్షించే శిక్షణ లేకుండా నీళ్లలోకి దూకకండి. తాడు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, బంతి, తేలే వస్తువు ఏదైనా విసరండి. 108కి గాని 112కి గాని ఫోన్ చేయించండి.
2. ఒడ్డుకు తెచ్చాక వెల్లకిలా పడుకోబెట్టి, పలుకుతున్నారా, మామూలుగా ఊపిరి తీస్తున్నారా చూడండి.
3. ఊపిరి తీస్తూ స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కనిపెట్టుకొని ఉండండి.
4. ఊపిరి లేకపోతే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందుగా 2 సార్లు ఊపిరి ఊదండి.
5. తరువాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో, పెద్దవారికైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతుగా, నిమిషానికి 100 నుండి 120 చొప్పున 30 సార్లు నొక్కండి. మళ్లీ 2 ఊపిరులు. సహాయం వచ్చేవరకు ఆపకండి.
6. కోలుకొని కూర్చున్నా, దగ్గు, ఆయాసం, మత్తు ఉంటే ఇంటికి తీసుకుపోకుండా ఆసుపత్రికే తీసుకురండి.

ఈ పద్ధతిని చదవడం కంటే చేసి నేర్చుకోవడం మంచిది. ఆసుపత్రికి వచ్చినప్పుడు నర్సులను అడగండి, బొమ్మ మీద చేయించి చూపిస్తారు.

వెళ్లే ముందు

సముద్రం ఎలా ఉందో తెలుసుకోవడానికి మనకు హైదరాబాదులోనే ఒక జాతీయ సంస్థ ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్. 1999లో ఏర్పడిన ఈ సంస్థ ఎత్తయిన కెరటాల గురించి, ఉప్పెనల గురించి హెచ్చరికలు ఇస్తుంది. టి.వి. వార్తలలో, జిల్లా అధికారుల ప్రకటనలలో ఆ హెచ్చరిక వస్తే ప్రయాణం మానుకోండి. ఒడ్డుకు చేరాక అక్కడి మత్స్యకారులను అడగండి. వారు పడవ దింపని రోజున మనం పాదం కూడా దింపకూడదు. ఎర్ర జెండా ఉన్న చోట, చీకటి పడ్డాక, కాపలాదారు లేని చోట దిగవద్దు.

సర్ఫింగ్ నేర్చుకోవాలనుకునే యువతీ యువకులను ఆపకండి. అనుభవం ఉన్నవారి దగ్గర, ఈత నేర్చుకున్న తరువాత పంపించండి. ఇక మిగిలిన అందరమూ ఆ పాఠంలోని మొదటి పది నిమిషాలను పాటిద్దాం. పిల్లల చేతులు పట్టుకొని ఇసుకలో కూర్చొని సముద్రాన్ని చూడండి. కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో వారికి చూపించండి. దిగవలసి వస్తే ఆ తరువాతే, మీ చెయ్యి అందేంత దూరంలోనే దింపండి.